మూల కాలిన కార్డు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పోస్టుకార్డు మూల పొరపాటున కాలలేదు. నేనే దాన్ని స్పిరిట్ దీపం మీద పెట్టాను. అంటుకోగానే భయమేసి బొటనవేలితో నలిపి ఆర్పేశాను.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్న రోజులవి. మా సార్ దగ్గర నేనొక్కదాన్నే ఆడపిల్లను. మాట్లాడడం తక్కువ, లైబ్రరీలో కూర్చోవడం ఎక్కువ. అందుకేనేమో సార్ నాకొక పని అప్పగించారు. మేము అచ్చేసిన పరిశోధన పేపరును ఎవరెవరు తమ పేపర్లలో పేర్కొన్నారో వెతకాలి. అవన్నీ ఒకచోట చూపించే పెద్ద సంపుటాలు మా లైబ్రరీలో లేవు. ఓడలో నెలల ఆలస్యంగా వచ్చే పత్రికలను ఒక్కో పేజీ తిప్పుతూ, అడుగున చిన్న అక్షరాల్లో సార్ పేరు కోసం చూసేదాన్ని. పదకొండు దొరికాయి. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో ప్రొఫెసర్ పోస్టుకు సార్ ఇంటర్వ్యూ. ఆ జాబితా ఆయన ఫైలులో వెళ్లాలి.

పేపరు కాపీ పంపమంటూ విదేశాల నుంచి కార్డులు వచ్చేవి. వాటిని తెచ్చే ముసలి అటెండరుకు అదొక వేడుక.

"బిడ్డా, సార్‌కు మళ్ల సంబంధాలొచ్చినయ్. ఈసారి జర్మనీ పిల్ల!"

ఆ బుధవారం వచ్చిన కార్డు కాపీ అడగలేదు. మీ పద్ధతిలోనే చేశాం, మా స్ఫటికాలు మీరు రాసినదానికన్నా ఎనిమిది డిగ్రీలు పైన కరుగుతున్నాయి, మా పేపరులో ఈ తేడా రాస్తున్నాం, ఒకసారి చూడండి అని ఉంది.

ఆ పదార్థం చేసింది నేను. అది ఎంత వేడికి కరుగుతుందో చూసింది కూడా నేనే. అప్పుడు వానాకాలం. మా ల్యాబులో వడపోత కాగితం మీది పొడి రెండు రోజులకు గానీ ఆరదు. నేను ఫ్యాను కింద ఒక పూట ఉంచి, వేలికి తడి తగలలేదని కరిగే వేడి చూసేశాను. లోపల కాస్త తడి మిగిలినా పదార్థం తక్కువ వేడికే కరిగిపోతుంది.

కాల్చలేకపోయిన కార్డును డైరీలో దాచాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

"కంచంల ఏం చూస్తున్నవే? అది పరీక్షనాళిక కాదు, తిను," అంది అమ్మ.

మర్నాడు సీసాలో మిగిలిన పొడిని వేడి ఆల్కహాలులో కరిగించి మళ్లీ స్ఫటికాలు కట్టించాను. ఈసారి పూర్తిగా ఆరనిచ్చాను. శనివారం సన్నటి గాజు గొట్టంలో కొంచెం వేసి వేడి చేశాను. మేము అచ్చేసిన అంకె దాటింది. స్ఫటికాలు కదలలేదు. సరిగ్గా ఎనిమిది డిగ్రీల పైన అన్నీ ఒకేసారి నీరయ్యాయి.

కార్డు తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎన్నడొచ్చింది?"

"బుధవారం సార్. ఇవాళ మళ్ల చూసిన. వాళ్లదే కరెక్ట్. ఆరకముందే చూసిన నేను. తప్పు నాది."

"నువ్వు చూసినవ్. నేను మళ్ల చూడకుండ అచ్చుకిచ్చిన. నీ ఒక్కదాని తప్పెట్లయితది?"

"ఇంటర్వ్యూల అడిగితే సార్?"

ఆయన ఇంటర్వ్యూ ఫైలును దగ్గరికి లాక్కున్నారు. ఆ పోస్టు కోసం ఆయన ఎన్నేళ్లుగా చూస్తున్నారో డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు.

"అడగకున్నా చెప్త. సవరణ పంపుతున్నమని చెప్త. ఇవాళనే రాద్దాం, కాయితం తియ్యి. జాబితల ఈ కార్డు రాసినాయనను గూడ చేర్చు, పన్నెండని రాయి."

కాగితం తీస్తుంటే ఆయన కార్డును వెనక్కి తిప్పారు.

"ఈ మూల కాలిందేంది?"

"దీపం పక్కన పెట్టిన సార్. అంటుకుంది."

ఆయన నా ముఖం చూశారు. తర్వాత బొబ్బలెక్కిన నా బొటనవేలు చూశారు. చేయి వెనక్కి పెట్టుకున్నాను. సవరణ రాయడం అయ్యాక, కార్డును ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టి లేచారు. తలుపు దగ్గర ఆగారు.

"ఆ వేలికి జర మందు రాసుకో బిడ్డా. ఇగ మీదట ఉత్తరాలు దీపం కాడ పెట్టకు."