కడిగితే పోని తుప్పు

మా నర్సరీల సూపర్‌వైజర్ మేడం నాకు ఒక నోట్‌బుక్ ఇచ్చింది. పువ్వు లేనప్పుడు మొక్కను ఎట్ల గుర్తుపడుతవో రాయి, కొత్తగ పనికి వచ్చేటోళ్లకు అక్కరకొస్తది అన్నది. నేను ఐదో తరగతి దాకనే చదివిన. ఆ తర్వాత బస్సు బోర్డు చదువుడు, సంతకం పెట్టుడు తప్ప వేరే రాసింది లేదు. నాలుగు రోజులు ఆ నోట్‌బుక్‌ను టిఫిన్ డబ్బ సంచిలనే పెట్టుకొని పొద్దున భద్రాచలం వచ్చిన, సాయంత్రం దుమ్ముగూడెం బస్సెక్కి ఇంటికి పోయిన. ఐదో రోజు మొదలుపెట్టిన. తప్పులుంటే మేడం దిద్దుతనన్నది.

ముందుగాల సులువైనయి రాస్త. నందివర్ధనం, గంధరాజు. రెండింటి ఆకులు నున్నగ మెరుస్తయి, ఎదురెదురుగ జతలు జతలుగ ఉంటయి, పువ్వు కూడ రెండింటిదీ తెలుపే. ఒక ఆకు తుంచితే తేలిపోతది. నందివర్ధనానికి పాలు కారుతయి, గంధరాజుకు కారవు. గన్నేరుల ఎర్ర పూలదానికి లేత కొమ్మ కమిలినట్టు ఎర్రగ ఉంటది, తెల్లదానికి ఉత్త ఆకుపచ్చగ ఉంటది. కాగితం పూల చెట్టుకు కూడ దగ్గర దగ్గర అంతే, కాని ఇప్పుడు కొత్త రకాలు మస్తు వచ్చినయి, అన్నిటికీ నేను మాటియ్యలేను. రాధామనోహరం తీగకు ఆకు రాలినంక కాడ మొండి ఉండిపోయి ముల్లు లెక్క గట్టిపడతది. నడుస్తుంటే చీర గుంజిందంటే అదే. మల్లెకు ఆకు ఒక్కొక్కటే ఉంటది. జాజికి ఒక్క ఈనెకే అటిటు చిన్న ఆకులుండి, కొసకు ఒకటి మొనదేలి ఉంటది.

ఇయ్యన్నీ నాకు ఎవరూ కూసోబెట్టి చెప్పలే. మోత పనిల వచ్చినయి. మొక్కల కవర్లు ట్రేల పెట్టి నెత్తి మీద మోస్తుంటే ఆకులు చెంపలకు, మెడకు తగులుతయి. ఏది గీరుతది, ఏది జిగురంటుతది, ఏది వాసనొస్తది అన్నది ఒంటికే తెలిసిపోతది. నందివర్ధనం మోసిన రోజు మెడకు పాలంటి దురద పెట్టేది. తానం చేసిందాక పోయేది కాదు.

మా సేటు పెద్దాయన. భద్రాచలంలనే పుట్టిండు, వాళ్ల నాయిన కాలం సంది మొక్కల వ్యాపారమే. ఆయనకొక పట్టు ఉంది. ఎవరు కొత్తగ పనిల చేరినా ఒక నెల దాక పువ్వులు తెంపేసిన మొక్కలే ముందల పెట్టి పేరడుగుతడు. పూలతోని చూపియ్యి సేటు, చెప్త అని నేను మొదటి రోజు అన్న. ఆయన నవ్విండు.

"పువ్వు చూసి తొవ్వల పోయేటోడు కూడ చెప్తడు బేటీ. నీకు కూలి ఎందుకు?"

గట్ల పదకొండేండ్లు మోసిన. మోకాళ్లు అరిగినయి. బస్సు మెట్టెక్కాలంటే కడ్డీ పట్టుకొని ఒక్క నిమిషం ఆగాలె. వెనకోళ్లు జల్దీ ఎక్కమ్మా అని తోసేటోళ్లు. మా నర్సరీల పచ్చ నెట్టు కట్టిన షెడ్డు ఒకటుంది. దాని కింద పీట మీద కూసొని అంట్లు కట్టుడు, నారు మొక్కలు ఏరుడు, రకాలు వేరు చేసుడు పని. నెట్టు పని అంటం. ఆ పని చేసే పెద్దమ్మ, తన బిడ్డ కాడికి పోయి ఉంటనని మానేసింది. ఆ పీట నాకు కావాలె. సేటును అడిగితే, చూద్దాం అన్నడు. మేడం అప్పుడే చేరింది, డిగ్రీ చదివింది. నెట్టు పనికి లేబుళ్లు చదివేటోళ్లు కావాలె సార్ అని సేటుతోని చెప్పింది. లేబుళ్ల మీద పేర్లన్నీ ఇంగ్లీషులనే ఉంటయి. తప్పు ఆమెది కాదు. కాని నాకు ఇంగ్లీషు రాకపాయె.

గప్పుడే గోదారి వచ్చింది. మా దగ్గర ఏటా వస్తది, మైకుల చెప్తరు, మేం మొక్కలు మిట్టకు ఎక్కిస్తం. ఆ ఏడు చెప్పినదానికన్న ముందే వచ్చింది. అంట్లు, పూల మొక్కలు మిట్టకు చేర్చినం. కింది మళ్లల్ల ఉన్న రోడ్డు చెట్ల నారు, తురాయిలసొంటియి, చేర్చలేకపోయినం. రెండు దినాలు నీళ్లల్లనే ఉంది. నీళ్లు తీసినంక చూస్తే కవర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి, మళ్లేవో గట్లేవో తెలియకుంట ఉన్నయి. లేబుల్ ఒక్కటి లేదు. మొక్కలన్నిటి మీద ఒండ్రు పట్టి ఎండిపోయింది. మోటరు మునిగింది, కడుగుదమంటే నీళ్లు లేవు. గోదారి పక్కన ఉండి నీళ్లు లేవు అంటే నవ్వొస్తది, కాని గంతే.

ఆ వారంలనే జూలూరుపాడు నుంచి ఒక అమ్మ వచ్చింది. వాళ్ల పెద్దలు కోస్తా దిక్కు నుంచి వచ్చి ఆడ భూములు కొనుక్కున్నరట, మిర్చి వేస్తరు. మిరపకాయలు ఎండబోసే కల్లం చుట్టూ నలభై చెట్లు పెట్టాలె, పనికిరాని తాలుకాయ ఏరే కూలోళ్లకు నీడ కావాలె అన్నది. పసుపు తురాయే కావాలె, ఎర్రది ఒక్కటి కూడ రావద్దు అన్నది. ఎందుకంటే, మునుపు కల్లం అంచుకు ఒక ఎర్ర తురాయి ఉండెనట. మిర్చి ఎండబోసేటప్పుడే అది పూస్తది. రెక్కలు రాలి కాయల్ల పడితే ఎరుపుల ఎరుపు, కండ్లకు కనపడదు. మంచుకు తడిసి కాయకు అంటుకొని, ఆ కాయ నల్లబడి బూజు పడుతదట. రోజంత వంగి ఏరినా ఇంక దొరుకుతనే ఉంటయట. ఆఖరికి చెట్టు కొట్టిచ్చిందట. పసుపు రెక్కలైతే ఆమడ దూరం నుంచి కనపడతయి, చీపురుతోని ఒక్క ఊడ్పు ఊడిస్తే పోతయి. ఆమె చెప్తుంటే నాకు కల్లం కండ్ల ముందల కనపడింది.

మేడం చెప్పింది, లేబుళ్లు లేవు సార్, రెండు రకాలు కలిసిపోయినయి, వేరే నర్సరీ నుంచి తెప్పిద్దాం అని. అది సబబే. చిన్నప్పుడు ఎర్ర తురాయి, పసుపు తురాయి పక్కపక్కన పెడితే రెండూ ఈకల్లాంటి ఆకులే. పూసిందాక ఎవరికీ తెల్వది. పూసేదానికి నాలుగైదేండ్లు పడతది.

నేను నడుమల మాట్లాడిన. నాకు తెలుసు సేటు, నేను ఏరుత అన్న. పసుపుదానికి చిగురు మీద తుప్పు రంగు నూగు ఉంటది, ముట్టుకుంటే మెత్తగ దూది లెక్క ఉంటది. ఎర్రదానికి చిగురు పచ్చగ ఉంటది. సేటు నా దిక్కు చూసిండు, మేడం దిక్కు చూసిండు.

"ఏరు. సరిగ్గ ఏరితే రేపటి సంది పీట నీది" అన్నడు.

రెండు పూటలు ఏరిన. తుప్పు రంగు చిగురున్నది ఒక దిక్కు, లేనిది ఒక దిక్కు. చెయ్యి ఆగలే. పసుపుయి ఇన్ని ఉన్నయేంది అని ఒకసారి అనిపిచ్చింది. మంచిదే కద అనుకున్న. నాతోని మోసే ఆమె ఎగతాళి చేసింది, పీటెక్కినంక మమ్మల్ని గుర్తుపడుతవా, మాక్కూడ చిగురు చూడాల్నా అని. చిగురు కాదు, నీ నాలుక చూస్తే చాలు అన్న. అంత కులాసగ ఉన్న ఆ రోజు.

మర్నాడు బండి వచ్చింది. ఎక్కిస్తుంటే సన్నగ తుంపర మొదలైంది. ముప్పై దాక ఎక్కిచ్చినం. ఇంకొక కవరు చేతికి తీసుకుంటే దాని కొస నుంచి గోధుమ రంగు నీళ్లు కారి నా మణికట్టు మీద పడ్డయి. చూసిన. చిగురు పచ్చగ ఉంది. పక్కదాన్ని చూసిన, దానికీ కారుతుంది. తుప్పు కాదు, గోదారి ఒండ్రు. ఎండినప్పుడు రెండింటిదీ ఒక్కటే రంగు. పుట్టినకాడి సంది ఈ ఒండ్రుల నడిచినదాన్ని, అదే నన్ను మోసం చేసింది.

సేటు, ఆ అమ్మ రేకుల కింద చాయ్ తాగుతున్నరు. మేడం లిస్టు రాస్తుంది. ఎవరూ చూడలే. ఈడ నిజం రాయాలె. ఆ కవరును కూడ బండిల పెట్టేద్దామా అనుకున్న. బండి పోతే నాలుగైదేండ్ల దాక ఎవరికీ తెల్వది. రేపు పొద్దున పీట మీద కూసోవచ్చు. మోకాళ్లు గుర్తొచ్చినయి, బస్సు మెట్టు గుర్తొచ్చింది. మళ్ల ఆ అమ్మ చెప్పిన కల్లం గుర్తొచ్చింది. నలభై చెట్లల్ల సగం ఎర్రయైతే వాళ్లు ఎన్ని కాయలేరాలె? ఏరేది ఆమె కాదు. నా అసొంటోళ్లే వంగి ఏరాలె.

పోయి చెప్పిన.

"సేటు, బండి ఆపుర్రి. నేను తప్పు ఏరిన."

ఆ అమ్మ గ్లాసు కింద పెట్టింది. "బండి ఎక్కించాక చెప్తావేంటి అమ్మాయ్? సేటుగారూ, ఈవిడకి కళ్లజోడు కొనిపెట్టండి ముందు."

సేటుకు కోపం వచ్చింది, మొకం చూస్తే తెలిసింది. బండి దగ్గరికి వచ్చి ఒక చిగురును బొటనవేలితోని రుద్దిండు. వేలు చూసుకున్నడు. ఇంకొకదాన్ని రుద్దిండు, దానికి వేలికేం అంటలే.

"అద్దాలు వద్దమ్మా, నీళ్లు చాలు" అన్నడు.

వాన కొంచెం జోరైంది. రేకుల మీద నుంచి కారే నీళ్లకు డ్రమ్ము పెట్టినం. అన్నీ దింపిచ్చిన. ఒక్కొక్క మొక్కను డ్రమ్ముల ముంచి, పాత గుడ్డతోని చిగురు తుడిచి చూసిన. పోయిందంటే ఒండ్రు, పోలేదంటే తుప్పు. ఒక్కదానితోని నమ్మకం పోయి రెండో గుర్తు కూడ చూసిన. ఎర్రదానికి ఆకు కాడ కొమ్మకు అంటుకునే చోట చిన్న ఈక లాంటిది ఉంటది, పసుపుదానికి అట్ల కనపడదు. ఇది ముందే చూడాల్సింది. కాని ఒండ్రుతోని మూసుకపోయింది, నేనూ తొందరపడిన. మేడం గొడుగు పక్కన పెట్టి వచ్చింది, ఆ ఈక ఏదో చూపియ్యి అన్నది. చూపిచ్చిన. ఫోన్‌ల ఫొటో తీసుకున్నది. తర్వాత ఆమె కూడ చీర కొంగు చెక్కి పక్కన కూసొని ముంచుడు మొదలుపెట్టింది.

నలభైల ఇరవై రెండే పసుపుయి. మిగిలిన పద్దెనిమిది కోసం కుప్పంత వెతికినం. చీకటి పడకముందే దొరికినయి. బండి పోయేటప్పుడు ఆ అమ్మ కిటికీల నుంచి నన్ను పిలిచింది.

"పూసినాక పిలుస్తాను. ఒక్కటి ఎర్రది పూసినా నువ్వే వచ్చి ఏరాలి, తెలిసిందా?"

"అవ్, వస్త" అన్న.

పీట మాట నేను ఎత్తలే. మర్నాడు ఎప్పటి లెక్కనే ట్రే తీసుకొని మడి కాడికి పోతుంటే సేటు పిలిచిండు. అంట్లు కట్టే కత్తి నా చేతిల పెట్టిండు. తప్పు ఏరిన కద సేటు అన్న. చిన్నప్పటి సంది రోజు చూసే మొక్కలను ఒండ్రుల నేను కూడ గుర్తుపట్టకపోయేటోన్ని, నువ్వైతే బండి పోకముందే చెప్పినవు, నాకు అది చాలు అన్నడు సేటు. పోయి పీట మీద కూసున్న. అప్పటి సంది లేబుళ్లు మేడం రాస్తది, ఏ లేబుల్ దేనికో నేను చెప్త.

నాలుగేండ్లు గడిచినంక, ఈ ఎండకాలం ఆ అమ్మ ఫోన్ చేసింది. రమ్మన్నది. ఎందుకో చెప్పలే. బస్సుల జూలూరుపాడు దాక భయపడుకుంటనే పోయిన.

కల్లం నిండ మిర్చి పరిచి ఉంది. చుట్టూ చెట్లు నా రెండింతలు పెరిగినయి. పసుపు పువ్వు కొసలకు నిలువుగ లేచి ఉంది. రాలిన రెక్కలు ఎర్ర కాయల మీద దూరం నుంచే కనపడుతున్నయి, ఒకామె చీపురుతోని పక్కకు ఊడుస్తుంది. నేను ఒక్కొక్క చెట్టు చూసుకుంట కల్లం చుట్టూ నడిచిన. ఆ అమ్మ నా వెంట నడిచింది. ముప్పై ఎనిమిది పూసినయి. మూలకు రెండు ఇంక పుయ్యలే.

"ఈ రెండిటి సంగతేంటి మరి?" అన్నది ఆమె.

కొమ్మ వంచి చిగురు పట్టుకున్న. మెత్తగ ఉంది. బొటనవేలు తడి చేసి గట్టిగ రుద్దిన, ఏమీ అంటలే. రెండోదాన్ని కూడ రుద్దిన. కాడ మొదట్ల ఈక లేదు.

"ఇవి కూడ పసుపుయే అమ్మా" అన్న.

"చూద్దాంలే" అన్నది.

"చూడుర్రి" అని, నేను కల్లం అంచుకు నీడల కూసొని వాళ్లిచ్చిన మజ్జిగ తాగిన.