గుండ్రటి ఎడారి

ఈ ఊరికి వచ్చిన మొదటి పదకొండేళ్లూ ఆయన దుకాణాలకు బోర్డులు రాశాడు. మాట్లాడబోతే తడబడే భాషనే గోడ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. పెళ్లి చేసుకున్నది ఈ ఊరి మనిషినే. ఆమె కర్టెన్లు కుట్టేది. వాళ్లతోనే ఉండే అత్తగారికి అల్లుడిది ఏ దేశమో ఎప్పటికీ గుర్తుండేది కాదు. ఎవరైనా అడిగితే, "అదే, ఇసక ఎక్కువుండే వైపు" అనేది.

ఆ ముక్క చెవిన పడి ప్రదర్శనశాల మేనేజరు ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. గుండ్రటి హాలు, గోడ చుట్టూ ఒకటే బొమ్మ, నడుమ ఎత్తయిన అరుగు. అరుగెక్కి ఎటు చూసినా ఎడారే కనిపించాలి.

"మీకు ఎడారి తెలుసు కదా?"

"తెలుసండీ."

"అయితే వేసెయ్యండి."

నూట పది మీటర్ల గుడ్డ. భార్య హాల్లోనే కూర్చుని ఆరు వారాల్లో ముక్కలన్నీ కలిపి కుట్టింది. ఆయన చక్రాల పరంజా ఎక్కి, సుద్దతో పెట్టుకున్న గుర్తు దగ్గర మొదలుపెట్టి కుడివైపుకు వేసుకుంటూ పోయాడు.

మేనేజరు వారానికోసారి వచ్చి చూసేవాడు.

"ఒంటెలేవండీ?"

"మా వైపు ఒంటెలు లేవండీ. నీళ్ల లారీలుండేవి."

"లారీ ఏంటండీ బాబూ! ఒంటె లేకపోతే దాన్ని ఎడారని ఎవరు నమ్ముతారు?"

ఆయన వాదించలేదు. బాగా దూరంలో, జీలకర్ర గింజంత ఒంటెను వేశాడు. మేనేజరు భూతద్దం తెప్పించుకుని చూసి తృప్తిపడ్డాడు.

ఏడాదిన్నరకు బొమ్మ చుట్టూ తిరిగి సుద్ద గుర్తు దగ్గరికి వచ్చింది. అక్కడ నేలా ఆకాశం కలిసే గీత, మొదలుపెట్టిన గీతకన్నా నాలుగు వేళ్లు కిందికి ఉంది. చక్రాలు అరిగి పరంజా రానురానూ కుంగిందట. దాని మీంచి కొలుచుకున్న గీతా దానితోపాటే దిగింది. ఆయన బ్రష్షులు కడుక్కుని ఇంటికి వచ్చి, అన్నం తింటూ ఆ సంగతి చెప్పాడు.

"దానికింత దిగులెందుకు అల్లుడూ? అక్కడో గుట్ట వేసెయ్, అతుకు కనపడదు" అంది అత్తగారు.

"అక్కడ గుట్ట లేదత్తయ్యా."

"ఎక్కడ?"

"మా ఇంటి వెనకాల."

వడ్డిస్తున్న భార్య గరిటె కింద పెట్టేసింది. ఆ ఇల్లు యుద్ధంలో పోయిందని తప్ప, పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన దాని గురించి ఒక్క మాటా చెప్పలేదు.

"ఇన్నాళ్లూ మీరు వేస్తున్నది మీ ఊరా?"

"ఊరి చుట్టుపక్కల."

"నాతో ఒక్క ముక్కయినా అనలేదేం?"

"వాళ్లు ఎడారి అడిగారు. ఏ ఎడారని అడగలేదు."

ఆమె మళ్లీ గరిటె తీసుకుని, "గుట్టా వద్దు, గిట్టా వద్దు. చెరిపేసి మళ్లీ వేద్దాం" అంది.

"నాలుగు వేళ్ల కోసం ప్రారంభం వాయిదా వెయ్యాలా?" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

"అవునండీ" అన్నాడాయన.

చివరి మూడో వంతు గోకేశారు. ఈసారి సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస ఆయన, రెండో కొస భార్య పట్టుకుని మట్టం చూసుకున్నారు. అత్తగారు కుర్చీ వేసుక్కూర్చుని "పైకి, ఇంకాస్త పైకి" అంటూనే ఉంది. ఎవరూ వినిపించుకోలేదు. నాలుగు నెలలకు గీత గీతతో కలిసింది.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం ముగ్గురూ అరుగెక్కారు. భార్య నెమ్మదిగా చుట్టూ తిరిగి చూసింది. ఇసుక, ముళ్లపొదలు, ఒరిగిన కరెంటు స్తంభాలు, ఎండిన వాగు.

"మరి మీ ఇల్లేది?"

"నువ్వు నిలబడ్డది దాని మీదే. ఇది మా డాబా. అమ్మ ఆ మూలన బట్టలారేసేది."

ఆమె వంగి చెప్పులు విప్పి పక్కన పెట్టింది. అత్తగారు కూతురి వంక చూసి, అరుగు చుట్టూ ఉన్న కటకటాలు పట్టుకుని తనూ విప్పింది.

ఆ బొమ్మ ఆరేళ్లుంది. సోమవారాలు హాలుకు సెలవు. ఆ రోజు మొగుడూ పెళ్లాలు వెళ్లి, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి కుచ్చుతో ఎడారి మీద దుమ్ము దులిపి వచ్చేవారు.