పై మెట్టు మీద పెట్టిన వేలు

ఒక మనిషి సుఖాన్ని వాదించి ఓడించవచ్చునని మీరు ఎన్నడైనా అనుకున్నారా? నేను ఓడించాను. ఆ గెలుపు ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కృష్ణగిరిలో చదివేటప్పుడు, నేను చర్చాపోటీల వీరుణ్ణి. 'సంపద సుఖాన్నివ్వదు' అన్న పక్షాన నిలిచి కప్పు గెలిచాను. సంపద లేని ఇంట్లోకి ఒక్కనాడైనా తొంగి చూడకుండానే గెలిచాను. ఆ నోటిధాటి చూసి కాబోలు, ఆర్థికవేత్తల పరిశోధక బృందం ఒకటి నన్ను సర్వేకు తీసుకుంది. హోసూరు ఫ్యాక్టరీల జీతాలు పల్లెవాళ్ల సంతృప్తిని పెంచాయా? ఆ ఆర్థికవేత్తలకు కావలసింది అదే. పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించాలి. అడుగు మెట్టు దుర్భరమైన బతుకు, పై మెట్టు ఇంతకన్నా మంచిది అక్కర్లేని బతుకు. మీరెక్కడున్నారో వేలు పెట్టమనాలి. మారుమాట అడగకూడదు.

అత్తిముగం అనే పల్లెలో అందరి వేలూ నడిమి మెట్టు మీదే. పైన పెడితే దిష్టి, కింద పెడితే ఇంటికి నామోషీ. ఆ భయాన్ని సంతృప్తి అని రాసుకుంటూ తిరిగాం. ఎంతటి పండితులం!

రత్నమ్మ మాత్రం తటాలున పై మెట్టు మీద వేలు పెట్టింది. ఆమె మూకండపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేది. భర్త, అత్త గడప దగ్గర కూర్చుని వింటున్నారు.

"దిష్టి తగల్తాదే," అంది అత్త.

"తగల్నీ అత్తా. ఫ్యాక్టరీ వ్యాన్లో కిటికీ పక్కన కూసోని పొయ్యేటప్పుడు నా అంత దొరసాని యాడుంది?" అని నవ్వింది రత్నమ్మ.

ఆ నవ్వును నేను సహించలేకపోయాను. నా కప్పునే కాదంటున్నట్టు తోచింది.

"రోజంతా నిలబడితే కాళ్లు లాగవా?"

"లాగతాయప్పా." వేలు ఒక మెట్టు దిగింది.

"బిడ్డ ఏడవదా?"

"ఏడుస్తాది." ఇంకా దిగింది.

"జీతం నీ చేతిలోనే ఉంటుందా?"

ఆమె భర్త వైపు చూసింది. వేలు అడుగు మెట్టుకు చేరింది.

నిజం కోసమేనా నేను అడిగింది? కాదు. గెలవడానికి. అడుగు మెట్టునే రాసుకున్నాను.

"ఇన్నావా అమ్మా?" అన్నాడు భర్త. "సుఖం లేదని దాని నోట్నే చెప్పె. ఇంగ పని నిలిపేస్తే సరి."

అది ఆమె మాట కాదు, నేను చెప్పించిన మాట అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోరు పెగల్లేదు. పెగల్లేదనడం కూడా నటనే. ఆ ముక్క అంటే నేను రాసుకున్న జవాబు చెల్లదు, నియమం తప్పింది నేనని తేలిపోతుంది. ఎదుటివాణ్ణి చీల్చి చెండాడే నా సత్యనిష్ఠ అంతా అంతవరకే.

మరుసటి ఏడు రెండో విడత సర్వేకు వెళ్లాను. రత్నమ్మ ఇంటి ముందు కొత్తిమీర కట్టలు కడుతోంది. నిచ్చెన చూపించాను.

"నువ్వే పెట్టుకోప్పా, పోయినసారి మాదిరి," అంది తలెత్తకుండా. "నువ్వు అడక్కుంటే నేను బాగానే ఉంటిని."

తర్వాత సర్వే ఫలితాల మీద జరిగిన సభలో ఒక పెద్దమనిషి, ఫ్యాక్టరీ పని పల్లె స్త్రీల మనశ్శాంతిని హరిస్తోందని, ఆమె జవాబునే ఉదాహరణగా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమె వ్యాను మాన్పించిన చేతులతోనే.

క్షమాపణ అడగడానికి ఆమె దగ్గరికి వెళ్లలేదు. వెళితే అది ఆమెను నిలబెట్టి అడిగే మరో ప్రశ్న అవుతుంది. చెప్పుకున్నందుకు కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. అది క్షమ కాదని నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం చేయండి. ఇటువంటి నిచ్చెన పట్టుకుని ఎవరైనా మీ ఇంటికి వస్తే, ఆడవాళ్లను అడిగేటప్పుడు మీరు లేచి బయటికి వెళ్లండి. అడిగేవారు మీరే అయితే, ఆమె మొదట వేలు పెట్టిన మెట్టునే రాసుకోండి. ఆపై నోరు మూసుకుని వచ్చేయండి.