ఒక పెద్దమనిషి సేకరణ నుంచి

కళ్ళద్దాల దుకాణం ఆయన్ని చుట్టాలెవరూ పేరు పెట్టి పిలవరు. బావమరిది ఒకనాడు నోరుజారి "శిథిలం బావ" అన్నాడు. శాలువా ఖర్చు లేకుండా దొరికిన బిరుదు కాబట్టి అది అందరికీ నచ్చింది. కారణం లేకపోలేదు. జనానికి దగ్గరిచూపూ దూరపుచూపూ సరిచేసే ఆ మనిషి తన తీరిక సమయమంతా వెయ్యేళ్ళ కిందటి చూపులోనే గడిపేవాడు. బేరం లేనప్పుడల్లా ఫోను తీసి, పురాతన వస్తువులమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం చూసేవాడు. చిలుం పట్టిన కంచు గుర్రం, ముక్కు విరిగిన మట్టి బొమ్మ, మూత లేని భరిణె, భరిణె లేని మూత, ఇలా కొన్ని అతని ఇంటి అద్దాల బీరువాకి చేరాయి. ఆ మూత ఆ భరిణెకి సరిపోదని భార్య ఎప్పుడో కనిపెట్టింది. రెండింటి కాలాలు వేరని అతను గంభీరంగా వివరించాడు. "పోనీలెండి, మనం మాత్రం సరిపోయామా" అని ఆమె బీరువా తుడవడం మానేసింది.

ఈ వ్యాపారంలో ఒక ఆచారం ఉంది. వస్తువు ఎంత అందంగా ఉన్నా దానికొక పాత యజమాని కావాలి. నిన్నగాక మొన్న తవ్వి ఎత్తుకొచ్చింది కాదనీ, తరాలుగా ఒక గౌరవనీయమైన ఇంట్లో ఉందనీ కొనేవాడికి నమ్మకం కలగాలి. అందుకని ప్రతి బొమ్మ కిందా "ఒక పెద్దమనిషి సేకరణ నుంచి" అని రాసి, వీలైతే ఆ పెద్దమనిషి పాత ఫొటో ఒకటి పెడతారు. పెళ్ళిసంబంధాల్లో కుర్రాడి ఉద్యోగం కన్నా ముందు వాళ్ళ తాతగారి పలుకుబడి చెప్పినట్టన్నమాట. శిథిలం బావకి బొమ్మల కన్నా ఆ పెద్దమనుషులంటేనే భక్తి. గుర్రంతో వచ్చిన కోటు డాక్టరుగారినీ, మట్టి బొమ్మతో వచ్చిన మీసాల సైనికాధికారినీ ఫ్రేములు కట్టించి బీరువా పక్కన తగిలించాడు. ఇంటికెవరొచ్చినా సొంత తాతల కన్నా వాళ్ళ గురించే ఎక్కువ చెప్పేవాడు.

అతని నాన్న ఏ బొమ్మా కొన్న మనిషి కాదు. రైల్వే స్టేషన్లో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గదిలో గుమాస్తా. ఉద్యోగకాలమంతా పరాయివాళ్ళ గొడుగుల మధ్య కూర్చుని, వానొస్తే తడుస్తూ ఇంటికొచ్చాడు. అన్ని గొడుగులున్నాయి కదా, ఒకటి తెచ్చుకుని రేపు పెట్టేయచ్చుగా అని అమ్మ అంటే, "పొద్దున్నే దాని మనిషి వస్తే?" అనేవాడు. ఆ మనిషి వచ్చిన దాఖలా లేకపోయినా ఆయన తడవడం మానలేదు. ఆ గదిలో తీసిన ఫొటో ఒకటి మిగిలింది. టై కట్టుకుని కుర్చీలో నాన్న. వెనక పైకప్పు దాకా అరలు, అరల నిండా పెట్టెలు, గడియారాలు, ఎవరో మరిచిపోయిన రాతి సింహం. తలకి పైన "పోయిన వస్తువులు" అన్న బోర్డు.

ఈ మధ్య ఆ ఆన్‌లైన్ వ్యాపారి ఎంతో మర్యాదగా ఒక కోరిక కోరాడు. పాత ఖాతాదారుల కుటుంబాల ఫొటోలతో ఒక పేజీ పెడుతున్నామనీ, నాన్నగారిది ఒకటి పంపితే ధన్యులమవుతామనీ అన్నాడు. బావ అక్క ఇంటికెళ్ళి, గోడ మీది ఫొటోని ఫోనులో తీసి పంపాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కింద "తన వస్తువుల మధ్య మా నాన్నగారు" అని రాశాడు. డాక్టరుగారి సరసన నాన్నకూ ఒక పీట దక్కుతుందన్న కక్కుర్తి అది.

ఒక ఉదయం కళ్ళ పరీక్షకొచ్చిన ముసలావిడని అక్షరాల చార్టు ముందు కూర్చోబెట్టి, పైనుంచి చదవమని చెప్పి, ఆమె చదువుతుండగా ఫోను తెరిచాడు. కొత్త సరుకు వచ్చింది. ఒక స్త్రీమూర్తి రాతి తల. కింద "ఒక పెద్దమనిషి సేకరణ నుంచి. అరవై ఏళ్ళుగా ఒకే కుటుంబం అధీనంలో." దాని కింద నాన్న.

మొదట అతనికి కలిగింది సంతోషం. ఈ సంగతి తర్వాత అక్కకి చెప్పలేదు. ఫొటో పెద్దది చేసి చూశాడు. బోర్డు లేదు, నాన్న నుదుటికి కాస్త పైనే కోసేశారు. అప్పుడు రాతి తలని పెద్దది చేశాడు. ముఖమంతా కాలం నల్లబరిచిన రాయి. మెడ దగ్గర మాత్రం తోమిన పన్నులా తెల్లగా, రంపపు గీతలతో, పచ్చి కోత. ఎక్కడో ఒక ఒంటికి ఈమధ్యే తల లేకుండా చేశారు. ఆ పాపం కడగడానికి నాన్న కావలసొచ్చాడు.

"కింది వరస కనపడటం లేదు నాయనా" అంది ముసలావిడ.

"నాకూ ఇప్పటిదాకా కనపళ్ళేదమ్మా" అని ఆమెని రేపు రమ్మన్నాడు.

ఫోనులో వ్యాపారి గొంతు ఎప్పటిలాగే వెన్న రాసినట్టుంది. ఫొటో తీసేయమంటే, ఎవరి పేరూ రాయలేదు కదా అన్నాడు. అబద్ధం రాశావంటే నొచ్చుకున్నాడు.

"పెద్దమనిషి అనే రాశాం సార్. మీ నాన్నగారు పెద్దమనిషి కారా?"

"ఆ తల మా నాన్నది కాదు."

"ఆ మాట గట్టిగా అనకండి సార్. మీ బీరువాలో ఉన్నవాటికీ ఇలాంటి పెద్దమనుషులే పూచీ. ఒకాయన్ని లాగారంటే అందరూ ఊడొస్తారు. రేపు మీ గుర్రాన్ని ఎవరూ ముట్టుకోరు. పోలీసులు తప్ప."

"మా నాన్న తడుస్తూ ఇంటికొచ్చేవాడ్రా" అని అరిచాడు శిథిలం బావ. అవతలివాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను పెట్టేశాడు.

ఇంటికొచ్చి బీరువా ముందు నిలబడ్డాడు. నోరు మూసుకుంటే బీరువా దక్కుతుంది. నోరు తెరిస్తే నాన్న దక్కుతాడు. భార్య అంతా విని, గోడ మీది డాక్టరుగారినీ సైనికాధికారినీ చాలాసేపు చూసింది. "మనకి అమ్మేటప్పుడు ఎవరి నాన్నల్ని చూపించారో, పాపం" అంది. ఆమె అరవలేదు. అరిచి ఉంటే తిరిగి అరవడానికి వీలయ్యేది.

మర్నాడు సాక్ష్యానికి అసలు ఫొటో కావాలని అక్క దగ్గరికెళ్ళాడు. అక్క సంగతంతా విని, ఫొటో దించి, చేత్తో తుడిచి, గుండెకి అదుముకుని ఇవ్వకుండా నిలబడింది.

"రైల్లో దొరికిన పెన్సిలు ఇంటికి తెచ్చానని, జ్వరంతో ఉన్న నన్ను మళ్ళీ స్టేషను దాకా నడిపించాడ్రా ఆ మనిషి. ఆయన మీద నాకిప్పటికీ కోపమే. ఆ కోపం కూడా అపురూపంగా దాచుకున్నాను. నువ్వు ఆయన్ని అమ్ముకున్నావు."

"అమ్మలేదక్కా. ఊరికే ఇచ్చాను."

"అది ఇంకా సిగ్గుచేటు."

చివరికి ఫొటో తీసుకుని తనే వెంట వచ్చింది. తమ్ముడి చేతిలో నాన్నని ఒంటరిగా వదలదలుచుకోలేదు.

తిన్నగా పోలీసుల దగ్గరికే పోవాలి. కానీ కోపం మనిషిని తిన్నగా నడవనివ్వదు. బీరువాలో సరుకంతా రెండు సంచుల్లో సర్దుకుని, నాన్న పనిచేసిన గదికే వెళ్ళాడు. అరలు అవే, రంగు మారిందంతే. కిటికీ వెనక కూర్చున్న కొత్త గుమాస్తా ఇవి ఎక్కడ దొరికాయని అడిగాడు.

"మా ఇంట్లో."

"ఎవరివి?"

"తెలీదు. పోగొట్టుకున్నవాళ్ళకి తెలుసు."

గొడుగులూ పెట్టెలూ అయితే తీసుకుంటామనీ, గుర్రాలకి ఏర్పాటు లేదనీ గుమాస్తా విన్నవించుకున్నాడు. అక్క ఫొటోని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. అతను ఫొటోలో అరల్నీ, తన వెనక అరల్నీ మార్చి మార్చి చూశాడు. ఎందుకో లేచి నిలబడ్డాడు. పోలీసులకి అతనే ఫోను చేశాడు. వాళ్ళు వచ్చేదాకా సంచులు ఫొటోలో నాన్న వెనకున్న అరలోనే ఉన్నాయి.

పోలీసులు గుర్రంతో సహా అన్నీ పట్టుకెళ్ళారు. బావని ఫిర్యాదు చేసినవాడిగా చూడాలా, దొంగసొత్తు కొన్నవాడిగా చూడాలా అన్న విషయంలో మాత్రం వాళ్ళలో వాళ్ళకి భేదాభిప్రాయం వచ్చింది, అది ఇంకా తీరలేదు. సాయంత్రానికి ఆ పేజీలోంచి తలా నాన్నా మాయమయ్యారు.

కొన్నాళ్ళకి తల మళ్ళీ ప్రత్యక్షమైంది, ఇంకో దుకాణం పేరుతో. అదే మెడ, అదే కోత. ఈసారి తోటలో టోపీ పెట్టుకుని నిలబడ్డ ఎవరో ముసలాయన పూచీ. బావకి అప్పుడొచ్చిన కోపం ముందటి కోపాన్ని పసిపిల్లని చేసింది. చెర అలాగే ఉంది, ఖైదీ మారాడంతే.

పోలీసులు చూస్తామన్నారు. వాళ్ళు చూసేలోగా తను చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు బేరం లేనప్పుడల్లా అలాంటి దుకాణాలు తెరిచి, ఫొటో ఉన్న ప్రతి బొమ్మ కిందా ఒకే ప్రశ్న రాస్తున్నాడు. "ఈ పెద్దమనిషి ఎవరి నాన్నగారండీ?" చెరిపేస్తే మళ్ళీ రాస్తాడు. వెలివేస్తే బావమరిది ఖాతాతో వస్తాడు. దాన్నీ వెలివేస్తే భార్య తన ఖాతా ఇచ్చింది, అడక్కుండానే. ఖాళీ బీరువాని తుడిచి ఆమె కళ్ళద్దాల డబ్బాలు సర్దింది. డాక్టరుగారినీ సైనికాధికారినీ మాత్రం దించనివ్వలేదు, వాళ్ళ పిల్లలెవరైనా వచ్చేదాకా.

నిన్న టోపీ ముసలాయన కింద ఒక జవాబు కనిపించింది.

"మా నాన్న. దర్జీ పని చేసేవాడు. ఈ తలేమిటి? మీరెవరు?"

కుర్చీలో ఒకాయన చార్టు సగం చదివి ఆగాడు. ఒక్క నిమిషం బాబూ అని ఆయన్ని అక్కడే వదిలేసి, శిథిలం బావ అక్షరాల్ని పొడిచినట్టు నొక్కుతూ రాశాడు.

"అసలు ఫొటో మీ దగ్గరుందా? ఉంటే ఎవరడిగినా ఇవ్వకండి. ఏ ఊరో చెప్పండి, బయల్దేరుతున్నాను."