పేరు మార్చిన బోటు

ఈ సంగతి ఇప్పుడు రాసి పెట్టకపోతే ఇంకో ఏడాదికి అబద్ధమే చరిత్ర అయిపోతుంది. ఒడ్డున ఉన్న ఆ నీలం బోటు మనం కొన్నదేనని మా జాలర్ల పేట పిల్లలు అప్పుడే అంటున్నారు. అది కొన్నది కాదు, పట్టుకొచ్చింది.

ఏ వలలు వాడాలన్న తగువు ముదిరి మా పేటకీ అవతలి పేటకీ సముద్రం మీదే కొట్లాట జరిగిన రోజు, మావాళ్ళు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చారు. రెండు పేటలూ పిల్లనిచ్చి పుచ్చుకున్నవే. ఆ బోటు అవతలి పేటకు ఇచ్చిన మా అక్క భర్తది.

నేను పోర్టులో కళాసీని. బడి ఏడో తరగతితో ఆగినా గ్రంథాలయంలో దొరికిందల్లా చదువుతాను. అప్పట్లో ఒక దూరదేశపు అంతర్యుద్ధం గురించి చదువుతున్నాను. నది మీద సరుకులు మోసే స్టీమరును శత్రువులు పట్టుకుని, పేరు మార్చి, ఫిరంగులు బిగించి, పాత యజమానుల మీదికే నడిపారట. ఏటా వచ్చే చేపల వేట నిషేధం రోజుల్లో ఒడ్డున వలలు బాగుచేస్తున్నవాళ్ళకు ఇది గొప్పగా చెప్పాను.

"ఏటి మావా, పుస్తకాల్లో కూడా దొంగతనాలే సదువుతన్నావా?" అని ఒకడు నవ్వాడు.

"దొంగతనమేటి, యుద్దం. మనమూ పేరు మార్సీద్దాం. సదువుకున్నోడివి, కొత్త పేరు నువ్వే ఎట్టు" అన్నాడు ఇంకొకడు.

ఆ మాటకు పొంగిపోయాను. పూర్ణా మార్కెట్‌ నుంచి నీలం రంగు తెచ్చాను. బోటు మీదున్న మా బావ తల్లి పేరు కనపడకుండా పూసి, కొత్త పేరు నా చేత్తోనే రాశాను. నిషేధం ఎత్తేశాక ఆ బోటు అవతలి పేటవాళ్ళు వేటాడే చోటికే వెళ్ళింది. ఖరీదైన కోనాం చేపలు బాగా పడ్డాయి. నా కొడుకు అందులోనే పనికి వెళ్ళాడు. ఆ చేపల కూర మా ఇంట్లోనూ ఉడికింది. బావ మాత్రం వేరేవాళ్ళ బోటులో కూలికి కుదిరాడు.

ఒక ఉదయం అక్క చేపలు కొనడానికి హార్బర్‌కు వచ్చింది. బయలుదేరబోతున్న ఆ బోటు ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టింది, అది వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు పెట్టినట్టే.

"ఎవులి బోటుకి ఎవులు బొట్టెడతన్నారమ్మా" అని మా పేట ఆడవాళ్ళు ఎత్తిపొడిచారు.

"లోపల నా మేనల్లుడున్నాడు. ఆడు ఇంటికి రావాల గదా" అంది అక్క. తర్వాత నావైపు తిరిగి, "అచ్చరాలు బాగా రాసినావురా తమ్ముడూ" అంది.

మళ్ళీ నిషేధం వచ్చింది. బోటు తిరిగి ఇవ్వాలా వద్దా అని ఈ ఆదివారం రెండు పేటల పెద్దలూ కూర్చుంటారు. కొన్నదని అక్కడ ఎవరైనా అంటే లేచి ఇది చదువుతాను. బోటు వెళ్ళిపోతే నా కొడుక్కి పని ఉండదు. వాడికి ముందే చెప్పాను.

ఈ పనిలో నాకు సాయం చేసినవాళ్ళ పేర్లు రాస్తే పేటలో వాళ్ళకు మాట వస్తుంది. తాడు కట్టింది తానేనని నాతో ఒప్పుకున్న చిన్నాన్నకు, ఆ పుస్తకం వెతికి మళ్ళీ ఇచ్చిన లైబ్రరీ మేడమ్‌కు, బావ తల్లి పేరున్న కింది రంగు చెడకుండా పైపూత గీకడం నేర్పిన రంగుల కొట్టు పెద్దాయనకు నా దండాలు. అక్కకు చెప్పాల్సింది ఇక్కడ చెప్పను. బోటుతో పాటు వెళ్ళి చెప్పుకుంటాను.