ప్లగ్గు మీద కావలి

మా ఆయన దుబాయి నుంచి తిరిగొచ్చిన ఏడాది కోరుట్లలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. తిరిగొచ్చాడంటే, కంపెనీ మూతపడి అందరినీ పంపించేశారు. నేను హైదరాబాదు ఆఫీసొకదానికి ఇంట్లోంచే పని చేసేదాన్ని, ఆస్పత్రి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే పని. ఏడాదికోసారి వాళ్లు ఆన్‌లైన్లో పెట్టే పరీక్ష నెగ్గితే పర్మినెంటు. పర్మినెంటైతే ఆయన మళ్లీ విమానం ఎక్కక్కర్లేదు. మా ఇద్దరి ఒప్పందం అదే. ఆ రోజుల్లో నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వాకిట్లోకి పోవాలనిపించేది, వాకిట్లోకి పోతే ఎందుకొచ్చానో గుర్తుండేది కాదు.

ఆయనకు పని లేదు. అందుకని నా లాప్‌టాప్‌కు కాపలా కాసేవాడు. దుబాయి లేబర్ క్యాంపులో గదినిండా మనుషులు, గోడకు ఒకటే ప్లగ్గు. వంతు దొరికినవాడు దాన్ని వదలకూడదు, వదిలాడా, ఇంకొకడు పెట్టేసుకుంటాడు. ఆ భయం ఆయనతోపాటే ఇంటికొచ్చింది. రాత్రీ పగలూ నా లాప్‌టాప్ ప్లగ్గుకే ఉండేది. పైగా దుమ్ము పడుతుందని తువ్వాల మడిచి కప్పేవాడు. దాని కింద అది పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలేది.

ఎప్పుడూ ప్లగ్గుకే ఉంచేటట్టయితే చార్జింగు ఎనభై శాతం దగ్గర ఆగేలా పెట్టుకోమని, వేడెక్కనివ్వొద్దని, నిండా నింపి ఉంచితే బ్యాటరీ తొందరగా పాడవుతుందని ఆఫీసువాళ్లు ముందే చెప్పారు. అట్లాగే పెట్టుకున్నాను. సాయంత్రం చూస్తే వంద! ఎనభైకే ఆగిపోతోంది, ఖరాబైందనుకుని ఆయనే సెట్టింగు వెతికి మార్చాడట. నాకు ఒళ్లు మండింది. మళ్లీ ఎనభై పెట్టాను. మళ్లీ వంద. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వింటేనా? కరెంటు పోతే ఆ మిగిలిన ఇరవై ఎవరిని అడుక్కుంటావని నా మీదకే తిరిగాడు. తువ్వాల లాగి దండెం మీద పడేసేదాన్ని. నేను వంటింట్లోకి పోయొచ్చేసరికి అది మళ్లీ లాప్‌టాప్ మీదే ఉండేది.

పరీక్ష రోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. నెట్టు ఫోన్లోంచి పెట్టుకున్నాను, బ్యాటరీ వంద చూపిస్తోంది, ఇక భయమేముంది? ఆయన గుమ్మంలో నిలబడి, చూశావా నేను చెప్పలేదా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. పట్టుమని పది ప్రశ్నలైనా కాకముందే వంద కాస్తా అడుగంటి తెర నల్లబడింది. ఆయన చార్జరూ లాప్‌టాపూ చంకన పెట్టుకుని ఇన్వర్టరున్న ఇంటి కోసం వీధంతా పరుగెత్తాడు. దొరికేసరికి పరీక్ష మూసేశారు. ఆఫీసుకు ఫోన్ చేసి ఎంత బతిమాలినా, ఇక వచ్చే ఏడే అన్నారు.

జగిత్యాలలో రిపేరు షాపుకు పోయాం. షాపతను మూత విప్పి, ఉబ్బిన బ్యాటరీని వేలితో తట్టాడు.

"అన్నా, దీన్ని ఎన్నడన్న ప్లగ్గుల నుంచి తీసిండ్రా?"

మా ఆయన నా వైపు చూడలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"నీ పని ఆగద్దనే పెట్టిన గదా."

"నాకెరుకే."

తిడదామని దాచుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపొచ్చింది, అంతమందిలో కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావని అడిగాడు. వెతుకుతానన్నాను. అది నా దిండు గలీబులో ఉంది. బీరువా, సూట్‌కేసు, బియ్యం డబ్బా వెనక, ఇద్దరం కలిసే వెతికాం. మర్నాడూ వెతికాం. మంచం జోలికి మాత్రం ఆయన పోలేదు. పక్కనే పడుకునే మనిషికి దిండులో గట్టిగా ఏదో ఉందని తెలియకుండా ఉంటుందా?

దుబాయికి పంపే ఏజెంటు ఫోన్ మీద ఫోన్ చేసిన రోజు నేనే తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందని ఆయన అడగలేదు.