పాళీకి బొట్టు

నాకు పెన్నుల పిచ్చి ఉంది. ఈ సంగతి దాచుకోవడం మానేసి చాలా కాలమైంది. తమిళనాడులోని ధర్మపురిలో మా ఇంటి బట్టల బీరువాలో ఒక అర మొత్తం వాటిదే. చీరలన్నీ కింది అరలో ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటే, పెన్నులు మాత్రం పై అరలో పాత తువ్వాలు పరుచుకుని దర్జాగా పడుకుంటాయి. ఇరవై రెండు పెన్నులు, తొమ్మిది ఇంకు సీసాలు, ఇంకు పాకని మందపాటి కాగితాల పుస్తకాలు కొన్ని. కొత్త పుస్తకం కొంటే ముందు కాగితం చేత్తో తడిమి చూస్తాను. పట్టుచీర కొన్నప్పుడు కూడా అంత శ్రద్ధగా తడమలేదని మా ఆయన అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

మొదట్లో ఇది పిచ్చి కాదు, నొప్పి. నేను కారిమంగళంలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. ఏళ్ళ తరబడి బాల్ పెన్ను నొక్కిపట్టి నోటు పుస్తకాలు దిద్దీ దిద్దీ కుడి బొటనవేలి కీలు వాచిపోయింది. జడ ముడి వేసుకోవాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. రాయడం తగ్గించమని డాక్టరు చెప్పాడు. లెక్కల టీచరుతో రాయడం తగ్గించమనడం, వంటమనిషితో పొయ్యి దగ్గరకు పోవద్దన్నట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు ఎవరో చెబితే, లేత్ మిషను మీద పెన్నులు చేసే ఒక ముసలాయన దగ్గరకు పోయాను. ఎబొనైట్ అని, నల్లటి గట్టి రబ్బరుతో చేస్తాడు. ఆయన నా ముఖం కన్నా ముందు నా చెయ్యి చూశాడు. వాచిన కీలు చుట్టూ దారంతో కొలత తీసుకున్నాడు. నా చేత ఒక పేజీ రాయించి, నేను పెన్ను ఎంత వాలుగా పట్టుకుంటానో పక్కనే కూర్చుని చూశాడు. రెండు వారాల తర్వాత బొటనవేలంత లావున్న పెన్ను చేతిలో పెట్టాడు. పాళీని నా చేతికి సరిపడా తనే సానపట్టాడు. "నొక్కకండమ్మా, ఊరికే పట్టుకోండి, అదే పోతుంది" అని తమిళంలో చెప్పాడు. నిజంగానే అదే పోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో టికెట్టు వెనకాల కూడా రాశాను. నొప్పి లేకుండా రాయడం ఎలా ఉంటుందో మరిచిపోయి ఉన్నానని ఆ రోజే తెలిసింది.

ఆ ఒక్క పెన్ను వెనకాలే మిగిలిన ఇరవై ఒకటీ వచ్చాయి. అవి సరదాకి. తెలుగు అక్షరాలు కూడా ఈ సరదాలోనే వచ్చాయి నాకు. ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. నలభై దాటాక, గుండ్రటి అక్షరాలైతే పాళీ హాయిగా తిరుగుతుందని, ఒక వాచకం తెచ్చుకుని అ ఆ లు దిద్దాను. ఇవాళ ఇది రాస్తున్నదీ ఆ చేతితోనే, ఆ లావు పెన్నుతోనే.

ముసలాయన తర్వాత చూపు తగ్గి లేత్ అమ్మేశాడు. కాబట్టి అలాంటిది ఇంకొకటి రాదు. అది పాడైతే నేను మళ్ళీ బాల్ పెన్నుకూ వాచిన వేలికీ పోవలసిందే.

మా అత్త మారండహళ్ళి దగ్గర పల్లెలో రాగులూ వేరుశనగా పండించిన మనిషి. మామ పోయాక పొలం కౌలుకిచ్చి మాతో ఉండడానికి వచ్చింది. వస్తూ ఒక గోనెసంచి తెచ్చుకుంది. అందులో ఆమె కొడవళ్ళు, కలుపు తీసే తొలికలు. మా ఇంటి ముందు కోయడానికి గడ్డిపరక కూడా లేదు, అయినా ఆ సంచి ఆమె మంచం కిందనే ఉంటుంది. ఆమెకు చదువు రాదు. నా పెన్నులంటే మహా వెటకారం. "ఉండేది ఒక్క కుడిచెయ్యి. ఇన్ని పెన్నులు దేనికి అమ్మే? పదివేళ్ళకీ తొడుక్కుంటావా?" అని వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. నేను నవ్వేసేదాన్ని గానీ లోపల చురుక్కుమనేది. అందుకే బీరువాకు తాళం వేసేదాన్ని.

పోయిన ఆయుధపూజ నాడు ఆ తాళంచెవి బీరువాకే మరిచిపోయాను.

పూజలో ఒక్క పెన్ను పెడదామనుకుని అర తెరిచాను. అంతలో పూలు అయిపోయాయని గుర్తొచ్చి బజారుకు పరిగెత్తాను. పూలు, పొరి అనే బొరుగులు, బూడిద గుమ్మడికాయ కొనుక్కుని, ఆ జనంలోంచి బయటపడేసరికి గంటన్నర పట్టింది. ఇంటికొచ్చి చూద్దును కదా, దీపం వెలుగుతోంది. అరిటాకు మీద ఒకవైపు అత్త కొడవళ్ళు, మధ్యలో మా ఆయన స్పానర్లు, ఇంకోవైపు నా ఇరవై రెండు పెన్నులూ మూతలు తీసి వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. ప్రతి పాళీ మీదా చందనం. చందనం మీద కుంకుమ.

పాళీ మధ్యలో వెంట్రుకంత చీలిక ఉంటుంది. ఇంకు వచ్చేది అందులోంచే. చందనం అందులోకి దిగి గట్టిపడితే ఇంక ఆ పాళీ పని అంతే. గీకి తీద్దామంటే సాన పోతుంది. ముసలాయన పట్టిన సానను మళ్ళీ పట్టేవాళ్ళు ఎవరున్నారు?

"అత్తా, పాళీ మీద ఎందుకు పెట్టినావు? పైన మూతకు పెట్టుంటే సరిపోయేది కదా!" నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

ఆమె నావైపు వింతగా చూసింది. "కొడవలికి అలుగు మీద పెట్టక పిడికి పెడతారా? పని చేసేది ఏదో దానికే బొట్టు. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పల్లనా?"

నేను లావు పెన్ను కోసం చెయ్యి చాపాను. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"పూజలో పెట్టినాక ఎత్తకూడదు. రేపు పొద్దున మళ్ళీ పూజ చేసినాకనే. ఈ ఒక్కరోజు వాటికి రెస్టు."

మా ఆయన వైపు చూశాను. ఆయన గుమ్మడికాయకు కుంకుమ పూయడంలో మునిగిపోయినట్టు నటించాడు. నేను లెక్కలు చెప్పేదాన్ని, దేనికైనా రుజువు అడిగేదాన్ని. అయినా నా చెయ్యి ముందుకు పోలేదు. పోనివ్వని భయం ఏదో నాలో ఉంది, ఒప్పుకుంటాను. ఆ రోజంతా పొరి నమిలినా మట్టి నమిలినట్టే ఉంది. ఆమెతో మాట్లాడితే నోరు జారుతానని, ఉన్న బట్టలన్నీ మడత పెట్టాను, మడత పెట్టినవి మళ్ళీ విప్పి పెట్టాను.

విజయదశమి పొద్దున హారతి అయిందో లేదో లావు పెన్ను తీసుకున్నాను. చందనం ఎండి గట్టిపడింది. ఇంకు నింపే ఉంది కదా అని ఆశ చావక కాగితం మీద గీశాను. ఏమీ రాలేదు. ఇంకోసారి గీశాను. కాగితం మీద జిడ్డు మరక మాత్రం పడింది.

"ఇదేమిటి, జిడ్డు?"

"ఆముదం" అంది అత్త, తన కొడవలి తుడుచుకుంటూ. "ముందు ఆముదం రాసి, దాని మీద చందనం పెట్టినా. ఆముదం లేకుండా తడి చందనం పెడితే ఇనుముకు తుప్పు పడుతుంది. ఆ మాత్రం తెలీదా?"

నాకు ఏడుపే తక్కువ. పాళీకి నూనె తగిలితే ఇంకు నిలవదు, జారిపోతుంది. చందనం చాలదని ఆముదం కూడానా! ఏదో అనబోయి, పండగ పూట అనలేక, పెన్నులన్నీ పళ్ళెంలో వేసుకుని పెరట్లో కొళాయి దగ్గర కూర్చున్నాను. వేడి నీళ్ళు పోస్తే ఎబొనైట్ రంగు వెలిసిపోతుంది. అందుకని చన్నీళ్ళలోనే ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, లావు పెన్ను పాళీ అందులో ముంచి, వేలితో మెల్లగా రుద్దాను.

చందనం ఊడి వచ్చింది. పొడిపొడిగా కాదు, కుంకుమతో సహా ఒక్క బిళ్ళలా నా వేలికి అంటుకుని వచ్చేసింది. కింద పాళీ తళతళలాడుతోంది. కళ్ళజోడు పైకెత్తి, ఎండకేసి పట్టి చూశాను. చీలిక శుభ్రంగా ఉంది. ఆముదం ముందుగానే అందులో నిండిపోయి, చందనాన్ని లోపలికి దిగనివ్వలేదు. నేను తిట్టుకున్న ఆముదమే కాపాడింది. ఆముదం సబ్బునీళ్ళకు పోయింది.

తుడిచి, ఇంకు పోసి, మెట్టు మీద కూర్చుని కాగితం మీద శ్రీ అని మొదలుపెట్టాను. మొదటి వంపు సగం తెల్లగా పోయింది. తర్వాత నీలం వచ్చింది, తడిగా, నిండుగా, ఎప్పటిలాగే నొక్కకుండానే. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. పేజీ నిండా శ్రీ, శ్రీ, శ్రీ అని రాశాను. బొటనవేలు నొప్పి లేదు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో చూసుకోలేదు. మిగిలిన ఇరవై ఒకటీ అలాగే ఊడి వచ్చాయి, ఒక్కటీ చెడలేదు.

అత్త నా పక్కన కూర్చుని కొడవళ్ళకు మళ్ళీ కాస్త ఆముదం పూసి గోనెగుడ్డలో చుడుతోంది. అప్పుడు లెక్కపెట్టాను. ఏడు. మనసు తేలికపడింది కదా, వెటకారం తన్నుకొచ్చింది.

"అత్తా, ఉండేది ఒక్క కుడిచెయ్యి. ఇన్ని కొడవళ్ళు దేనికి?"

ఆమెకు కోపం రాలేదు. వెటకారం అనిపించనే లేదు. చదువు చెప్పినట్టు ఒక్కొక్కటీ చూపించింది. "ఇది రాగులకి. ఇది గడ్డికి. ఈ పళ్ళది జొన్నకి." చివరిదాన్ని మాత్రం కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. "ఇది మీ మామ చేయించింది. కోతల్లో నాకు మణికట్టు వాచిపోయె. నన్ను కమ్మరి దగ్గరికి పిలుచుకుపోయి, నా చెయ్యి కొలత ఇచ్చి కొట్టించినాడు. దీంతో కోస్తే నొయ్యదు. ఆ కమ్మరి ఇప్పుడు లేడు."

ఆమె దాన్ని నా చేతికిచ్చింది. పిడి మీద బొటనవేలు ఆనే చోట కొయ్య అరిగి గుంట పడి ఉంది. అందులో నా వేలు పెట్టి చూశాను. పట్టలేదు, ఆమెది చిన్న చెయ్యి. నా ఇంకు మరక దానికి అంటిందేమోనని కొంగుతో తుడిచి, తిరిగి ఆమెకే ఇచ్చాను.